ఇల్లమ్మిన సొమ్ము

ఇల్లమ్ముకొని యూరు విడుచుట చితికినవాని పనియని మన పెద్దల తలంపు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నిది తలక్రిందైనది. అచ్చట కలిమి పెరిగినవాడే యిల్లమ్మి వెడలుచున్నాడు. 2020లో మహమ్మారి వ్యాపించి, పలువురికి కచేరీకి బోకయే కొలువు చేయు వీలు గలిగినప్పు డీ వలస మిక్కిలి హెచ్చెను. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున చిన్నయిల్లమ్మిన ధనముతో టెక్సాసులోని ఆస్టిన్‌నందో, ఐడహోలోని బోయిసీయందో విశాలమైన యిల్లు గొని, కొంత సొమ్ము మిగుల్చుకొన్నవారు పెక్కురు. వారిలో దెలుగువారును గలరు. బోయిసీ చేరిన నా పూర్వశిష్యు డొకడు, "మాస్టారూ, నే నెవ్వరి సొమ్మును దొంగిలింపలేదు, అయినను ఈ యూరివారు నన్ను జూచి యేల ముఖము త్రిప్పుకొనుచున్నారు?" అని వ్రాసెను.

వెడలుట దోషము గాదు. ఇల్లు మనుష్యునికొరకు గాని మనుష్యు డింటికొరకు గాడు. వార్ధక్యమున ఋణము దీర్చుకొనుటకో, బిడ్డలకు దగ్గరగా నుండుటకో తావు మార్చినవానిని నిందించుట తగదు. విచారింపవలసినది యా సొమ్ము పుట్టుక.

గోడ లేటేట పాతబడును, కప్పు కారును. విలువ పెరిగినది వానికి గాదు, క్రింది నేలకు. ఆ నేలకు వెల దెచ్చిన వెవ్వి? చుట్టును వెలసిన విద్యాలయములు, బాటలు, పరిశ్రమలు, పనికై వచ్చిన వేలాది జనులు. క్రొత్తయిండ్లు కట్టనీయక నగరములు పెట్టిన నిర్బంధములును. శాన్‌ఫ్రాన్సిస్కోలో నివసించిన హెన్రీ జార్జి 'అభివృద్ధి - దారిద్ర్యము' అను 1879నాటి గ్రంథమున, నేలవిలువ సంఘము సృజించినదే యని వాదించెను. చట్టములును ఇల్లుగలవానికే తోడుపడినవి. 1978నాటి 13వ ప్రతిపాదన, ఇల్లు చేతులు మారనంతవరకు పన్నులెక్కకు గొను విలువ యేటికి నూటికి రెండుకు మించి పెరుగకుండ గట్టుబెట్టెను. 1997నాటి శాసనము స్వగృహవిక్రయమున దంపతులకు 5 లక్షల డాలర్లవరకు లాభమును పన్నునుండి విడిచెను. అద్దెకుండువానికి హెచ్చిన యద్దెయే దక్కినది.

"అప్పుతీర్చిన కష్టము మాదే గదా, 2008లో వెలలు కూలి యిండ్లు పోగొట్టుకొన్నవారు లేరా?" యందురేని, అదియు నిజమే. కష్టఫలము కొంత గలదు. మిక్కిలిభాగము మాత్ర మూరి ప్రసాదము.

ఆ ప్రసాదము క్రొత్తయూరిలో నితరులకు భారమగును. బోయిసీలోని ఉపాధ్యాయునికి బోయిసీ జీతమే. వానికి పోటీగా వచ్చిన ధనము కాలిఫోర్నియాది. కొన్నవాడు కీడు దలపకున్నను, వెల పెరిగి యా బడిపంతులు కలగన్న యిల్లు చేజారును. ముఖము త్రిప్పుటకు గారణ మిది.

శతపథబ్రాహ్మణము దేవ, ఋషి, పితృఋణములతోపాటు మనుష్యఋణము నొకదానిని జెప్పి, నివాసమిచ్చి యన్నము పెట్టుటచే నది తీరునన్నది. ఈ సందర్భమునకు దగిన ధర్మ మదియే. టెక్సాసులో రాష్ట్రప్రభుత్వపు ఆదాయపుపన్ను లేదు; బడుల వ్యయమున పెద్దపాలు ఇంటిపన్నునుండియే వచ్చును. ఆ పన్నును సణుగక యిచ్చుట ఋణమునకు మొదటి వాయిదా. తన వీధిలో చిన్నయిండ్లు, అద్దెయిండ్లు కట్టుదు మన్నప్పుడు సభకు బోయి యడ్డుపడక, ఔననుట రెండవది. తాను జేరినపిమ్మట తలుపు మూయువాడు ఏరుదాటి తెప్ప తగులబెట్టినవాడు.

శిష్యునకు నే నిట్లు వ్రాసితిని: "నాయనా, నీవు దొంగిలింపలేదు, నిజమే, కాని బాకీపడితివి. విడిచివచ్చిన యూరికి దానిని దీర్చు వీలు నీకు లేదు. చేరిన యూరిలో దీర్పుము."