గీతమును అప్పగించుటకు ముందు



మన సంఘముల యౌవనులనేకులు నేడు పాటలు వ్రాసి, రాగము కట్టి, పట్టణములోని స్టూడియోలో రికార్డు చేయించుచున్నారు. అటుపిమ్మట వారి యెదుట నిలుచు ప్రశ్న యిది: ఈ పాటను ఎవరి చేతికి అప్పగించి లోకమునకు పంపవలెను? ఇది వర్తకుల ప్రశ్న గాని విశ్వాసుల ప్రశ్న కాదని కొందరి తలంపు. ఉచితముగా పొందిన వరమునకు పత్రములేల, లెక్కలేల అని వారందురు. వినుటకు ఈ మాట భక్తిగానే తోచును. అయినను ఒక సంగతి మరువరాదు. తన స్వాధీనములో లేనిదానిని ఎవడును దానము చేయజాలడు. గనుక తన పాటను అందరికిని ఉచితముగా ఇయ్యగోరువాడే అందరికంటె ఎక్కువ జాగ్రత్తగా పత్రము చదువవలసినవాడు.

యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయము చూడుడి. బబులోను సేన యెరూషలేమును ముట్టడించియున్న దినములలో ప్రవక్త అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనెను. సాక్షులను పిలిచెను, వెండి తూచెను, పత్రము వ్రాసి ముద్రవేసెను, ఆ పత్రములు బహు దినములు చెడకుండునట్లు మంటికుండలో పెట్టించెను. దేవుని వాగ్దానమును నమ్మినవాడే పత్రమును ఇంత శ్రద్ధగా భద్రపరచెను. విశ్వాసమునకును లెక్కకును విరోధము లేదు.

ఇప్పుడు మన సంగతికి వత్తము. స్పాటిఫై వంటి పాటల అంగళ్లలో సామాన్య గాయకుడు తన పాటను నేరుగా పెట్టలేడు. స్పాటిఫై వారు 2018లో కొందరికి అట్టి అవకాశమిచ్చి, 2019లో దానిని నిలిపివేసిరి. గనుక మధ్యవర్తి కావలెను. అమెరికాలో 1998లో డెరెక్ సివర్స్ అను సంగీతకారుడు స్థాపించిన సీడీ బేబీ, 2013లో ఆరంభమైన డిస్ట్రోకిడ్ అట్టివి. రైతు ధాన్యమును యార్డుకు చేర్చి సొమ్ము తెచ్చియిచ్చు కమీషను వ్యాపారి వలె, వీరు పాటను అంగళ్లకు చేర్చి, రాబడిని గాయకునికి అందజేయుదురు.

అయితే వారి షరతులు ఒక్కటి కావు. డిస్ట్రోకిడ్ ఏటేటా చందా పుచ్చుకొని, ఎన్ని పాటలైనను పంపనిచ్చును. ఇది మక్తా వంటిది. చందా నిలిచినయెడల పాటలు అంగళ్లనుండి తీసివేయబడవచ్చును. అట్లు జరుగకుండుటకు వేరుగా రుసుము చెల్లింపవలెను. సీడీ బేబీ ఒక్కసారి రుసుము పుచ్చుకొనును, ఏటేటా చందా లేదు, గాని అంగళ్ల రాబడిలో నూటికి 9 వంతులు తీసికొనును. ఇది పాలునకిచ్చిన పొలము వంటిది. నెలకొక పాట పంపువానికి మొదటిది చౌక కావచ్చును. జీవితములో నాలుగు పాటలు మాత్రమే వ్రాసి, అవి తన తరువాత కూడ వినబడవలెనని కోరువానికి రెండవది మేలు కావచ్చును. ఆ పాట వ్రాసినవాడు గతించిన పిమ్మట చందా ఎవరు కట్టుదురు? వాని తల్లికి ఆ లెక్క తెలియునా? ఈ ప్రశ్నను ముందుగా వేసికొనువాడు బుద్ధిమంతుడు.

రాబడిని గూర్చియు నిజము పలుకుదము. 2024 మొదలుకొని స్పాటిఫైలో, గడచిన 12 నెలలలో 1000 సార్లయినను వినబడని పాటకు రికార్డు సొమ్ము రాదు. చిన్న గ్రామపు గాయకబృందము ఆ లెక్కకు చేరకపోవచ్చును. గనుక ధనాశతో అప్పుచేసి చందా కట్టవద్దు. పాట వినబడుటయే మీ కోరికయైనచో, దానికి తగినంత మాత్రమే వెచ్చింపుడి.

ఇంతకంటె పెద్ద అపాయము మన ఊరికి దగ్గరలోనే యుండవచ్చును. స్టూడియో ఖర్చు మేము పెట్టుకొందుము, నీవు సంతకము చేయుము అని చెప్పు ఆడియో వ్యాపారులున్నారు. ఏశావు తినిన చిక్కుడుకాయల కూర చెడ్డది కాదు, అతని ఆకలియు అబద్ధము కాదు. ఒక్కపూట ఆకలికి జ్యేష్ఠత్వమును ఇచ్చివేయుటయే తప్పిదము. మన దేశపు 1957 కాపీరైటు చట్టము బీదవానికి కొంత అండగా నున్నది. హక్కును బదిలీ చేయు పత్రము వ్రాతమూలకముగా నుండి సంతకము కలిగియుండవలెను. అందులో కాలము చెప్పబడనియెడల 5 సంవత్సరములని, ప్రాంతము చెప్పబడనియెడల భారతదేశము మాత్రమే అని ఎంచబడును. కాని శాశ్వతముగా, ప్రపంచమంతట అను మాటలు పత్రములో నున్నయెడల ఆ అండ పోవును. ఆ రెండు మాటలకొరకు వెదకుడి. పాటను పంచిపెట్టుటకు అనుమతి ఇయ్యబడుచున్నదా, పాటయే వారిదగుచున్నదా అని అడుగుడి. ఎన్ని దినముల నోటీసుతో బయటికి రావచ్చునో చూడుడి. ప్రతి రికార్డుకును 12 అక్షరములు, అంకెలు గల ఐ.ఎస్.ఆర్.సి. గుర్తు ఉండును, దానిని మీ పుస్తకములో వ్రాసియుంచుకొనినచో, రేపు మధ్యవర్తిని మార్చినను అదే గుర్తుతో పంపవచ్చును.

మధ్యవర్తిని పరీక్షించువాడు తన్నుతాను కూడ పరీక్షించుకొనవలెను. పాటను పంపునప్పుడు, ఇది నాదే, దీనిమీద నాకు హక్కున్నది అని గాయకుడు ఒప్పుకొనవలసియున్నది. సినిమా పాట రాగమునకు భక్తి మాటలు అతికించినవాడు ఆ మాట ఎట్లు పలుకగలడు? పురుషోత్తమ చౌదరిగారు 1890లో గతించిరి గనుక వారు వ్రాసిన కీర్తనలను ఎవరైనను పాడవచ్చును. అయితే క్రొత్తగా పాడినవానికి తన రికార్డుమీదనే గాని కీర్తనమీద హక్కులేదు. భక్తి పాటయైనను దొంగత్రాసుతో తూచరాదు.

కడపట ఒక్క మాట. యూట్యూబులో కంటెంట్ ఐడి అను ఏర్పాటున్నది. మీ రికార్డును అందులో చేర్చినయెడల, దానిని వాడుకొనిన వీడియోలను అది కనుగొనును, వాటి ప్రకటనల సొమ్ము మీకు మళ్లింపబడవచ్చును. మీ పాటను దొంగిలించి వ్యాపారము చేయువాని విషయములో ఇది న్యాయమే. కాని పొరుగు గ్రామపు సండేస్కూలు పిల్లలు మీ పాటకు అభినయించి పెట్టిన వీడియోను కూడ అది పట్టుకొనును. పొలపు ఓరలను పూర్తిగా కోయక బీదలకు విడువవలెనని ధర్మశాస్త్రము నేర్పుచున్నది. అట్టివారు అడిగినప్పుడు ఆ హక్కును విడిచిపెట్టుటకు వీలున్నది, విడిచిపెట్టుడి. రూతు కొరకు పిడికెళ్లు పడవేయుడని బోయజు తన పనివారికి ఆజ్ఞాపింపగలిగెను, ఏలయనగా ఆ పొలము అతనిది. దానిని అంతకుముందే మరియొకనికి వ్రాసియిచ్చినయెడల అతని దయాళుత్వము రూతునకు ఒక్క వెన్నునైనను ఇయ్యలేకపోయియుండును.

కాబట్టి యౌవనులారా, సంతకమునకు ముందు పత్రమును ఇంటికి తెచ్చుకొనుడి. ఇంగ్లీషు చదువగల పెద్దలతో కూర్చుండి ఒక్కొక్క మాటను చదివించుకొనుడి. అర్థము కానిదానిని అడుగుటకు సిగ్గుపడవద్దు. సంఘపెద్దలారా, వారు అడిగినప్పుడు విసుగుకొనక ఒక సాయంకాలము వారికొరకు ఇయ్యుడి.