నొప్పి ఎవరి ఖాతాలో?

డెవన్ మాంక్ రాసిన ‘మ్యాజిక్ టు ద బోన్’ (2008) కాలక్షేపానికని మొదలుపెట్టాను. గట్టి హీరోయిన్, చేతి మీద టాటూల్లాంటి మాయ గీతలు, వానలో తడిసే పోర్ట్‌లాండ్. వీకెండ్‌లో అయిపోయింది. కానీ అందులోని ఒక నియమం మాత్రం ఇంకా నన్ను వదల్లేదు.

ఆ లోకంలో మంత్రం వాడినవాళ్లు నొప్పి రూపంలో దాని వెల కట్టాలి. తప్పించుకోవాలంటే ఆ నొప్పిని ఇంకొకరి మీదికి నెట్టేయొచ్చు. దాన్ని ‘ఆఫ్‌లోడ్’ అంటారు. అలా దొంగచాటుగా నెట్టిన నొప్పి ఎవరిదో వాసన పట్టి చెప్పడం హీరోయిన్ ఆలీ పని. ఓ పిల్లాడి ప్రాణం మీదికి తెచ్చిన మంత్రం వెనక ఆమెకి దొరికిన ఆనవాలు సొంత తండ్రిది. తను వాడిన మంత్రానికి మాత్రం ఆలీ తనే వెల కడుతుంది. నొప్పితో పాటు జ్ఞాపకాలూ పోతుంటాయి కాబట్టి, ఎప్పుడూ ఒక నోట్‌బుక్ దగ్గర పెట్టుకుంటుంది.

ఆఫ్‌లోడ్ అన్నది ఆఫీసులో నేను రోజూ వాడే మాటే. ఒక సర్వర్ మీద బరువు ఎక్కువైతే ఇంకోదానికి తోస్తాం. సర్వర్‌కి నొప్పి ఉండదు కాబట్టి ఆ మాటతో నాకెప్పుడూ ఇబ్బంది కలగలేదు.

ఈ పుస్తకం చదువుతుంటే కర్నూల్లో మా అవ్వ గుర్తొచ్చింది. ఆమె మోచేతి కింద పచ్చబొట్టు ఉండేది: ఒక తేలు, చుట్టూ చుక్కలు. చిన్నప్పుడు ఎరుకలామె సూదులతో పొడిచిందంట. “ఏడ్చినావా అవ్వా?” అని అడిగితే, “ఏడిస్తే మాత్రం ఎవురు ఇడిచినారు రా, ఇద్దరు గట్టిగ పట్టుకోనుంటే” అనింది. ఆమె పుట్టినూరు ఇప్పుడు శ్రీశైలం నీళ్ల కింద ఉంది. 1981 నాటికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు అలా మునిగాయి. సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు బయటికొస్తుంది. మునిగిన ఇళ్లు అలా రావు.

కుడిగట్టు పవర్‌హౌస్ సామర్థ్యం 770 మెగావాట్లు. పోతిరెడ్డిపాడు నుంచి అవే నీళ్లు నంద్యాల, కడప చేలకీ పోతాయి. కాబట్టి డ్యామ్ కట్టకుండా ఉండాల్సిందని నేను అనలేను. ఆ వెలుగులో చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ని. కానీ ఆ మంత్రానికి వెల కట్టింది నేను కాదు.

ఇక్కడే నాకు ఆలీ మీద ఒక అనుమానం కూడా వచ్చింది. నొప్పిని తనే మోస్తుంది కాబట్టి ఆమెని బలమైన ఆడది అని మెచ్చుకుంటున్నాం. మా ఇంట్లో అవ్వనీ ఇలాగే మెచ్చుకునేవాళ్లు: “ఎంత ఓర్పు!” అని. ఆ మెప్పు అందరికీ సౌకర్యంగా ఉండేది. ఓర్చుకునే మనిషిని పొగిడేశాక, ఆ నొప్పి ఎక్కణ్నించి వచ్చిందని ఎవరూ అడగక్కర్లేదు. ఆలీ కావాలని మోసింది. అవ్వని ఎవరూ అడగలేదు, సూదులప్పుడూ, ఊరప్పుడూ. ఈ రెంటినీ ‘బలం’ అనే ఒకే మాటతో పిలవడం నాకు తప్పనిపిస్తోంది.

అందుకే ఆలీలో నాకు నచ్చింది ఓర్పు కాదు. ఆమె వాసన పడుతుంది. తండ్రి పేరు తేలినా ఆగదు. ఆ పని నేనూ చేయాలంటే, ఆనవాలు నా రూంలో తిరిగే ఫ్యాన్ దాకా వస్తుంది. అవ్వ పుట్టినూరి పేరు నాకు తెలుసు. ఎన్ని ఇళ్లుండేవి, ఎవరెవరు ఎటు పోయారు అన్నది ఆమె బతికున్నప్పుడు అడగలేదు. ఆలీలా నాకూ ఒక నోట్‌బుక్ ఉండాల్సింది.