వేళ్ళ దగ్గరి సహవాసము

ధ్యాన భాగములు: రోమా 11:16-18, అపొ. కార్యములు 18:1-3



పొన్నేరి నుండి పులికాట్ వైపు వెళ్ళేటప్పుడు ఇసుక నేలల్లో సరుగుడు తోటలు మనమంతా చూసినవే. ఇక్కడివారు చవుక్కు అంటారు. ఆ చెట్టు ఈ తీరంలో పుట్టినది కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలు దాని స్వస్థలం. 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం, రైలింజన్ల కోసం ఇక్కడ విస్తారంగా నాటించారు. అదీ మనవలె వలస వచ్చినదే.

ఇసుకలో సారమెక్కడిది? అయినా నాలుగైదేళ్ళలో కోతకు వచ్చి పందిళ్ళకూ, కాగితపు మిల్లులకూ పోతున్నది. వేళ్ళను చూస్తే బుడిపెలు గుత్తులుగా ఉంటాయి. వాటిలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి కాపురముంటుంది. అది గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఎరువుగా ఇస్తుంది. చెట్టు తాను ఎండలో వండుకొన్న చక్కెరలో దానికి భాగమిస్తుంది. బూజు జాతి శిలీంధ్రాలు కూడా వేళ్ళను అంటుకొని, వేరు చేరలేని చోటికి సన్నని దారాలు పంపి భాస్వరం తెచ్చిపెడతాయి. 1885లో ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ పొత్తుకు మైకోరైజా అని పేరు పెట్టాడు. ఫ్రాంకియాకు ఆయన పేరే వచ్చింది. అడవిలో చెట్లు వేళ్ళతో మాటలాడుకుంటాయని కొందరు వ్రాస్తున్నారు. మేము అంత దూరం పోము. రుజువైనదే మాకు చాలినంత ఆశ్చర్యం.

అయితే సరుగుడుకు తగిన ఫ్రాంకియా కొత్త దేశపు మట్టిలో సాధారణంగా ఉండదు. విత్తనం మొలుస్తుంది గాని, సారం లేని నేలలో మొక్క పాలిపోయి గిడసబారిపోతుంది. అందుకే పాత తోట మట్టినో, నూరిన బుడిపెలనో నారుకు పట్టిస్తారు. కోయంబత్తూరులో 1988లో ఏర్పడిన అటవీ జన్యు పరిశోధన సంస్థవారు ఫ్రాంకియాను పెంచి నర్సరీ మొక్కలకు ఇచ్చే పద్ధతి మీద పనిచేశారు. ప్యూర్టోరికో దీవిలోనైతే పైన్ మొక్కలు ఏళ్ళ తరబడి నిలదొక్కుకోలేదు. 1950లలో అమెరికా నుండి పైన్ అడవి మట్టి తెచ్చి కలిపాకనే ఎదిగాయి.

అంటు కట్టబడిన కొమ్మ అతిశయపడరాదనీ, దానిని మోసేది వేరేననీ పౌలు రోమా సంఘానికి వ్రాశాడు. ఆ పత్రిక చివర వందనాలలో అకుల ప్రిస్కిల్లల పేర్లున్నాయి. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞవలన రోమా విడిచి, కొరింథులో డేరాలు కుట్టి బ్రతికిన దంపతులు వారు. తరువాత ఎఫెసులోనూ, తిరిగి రోమాలోనూ వారి ఇంట సంఘం కూడింది. వారు వెళ్ళిన చోటికల్లా ఆ మట్టి వెళ్ళింది.

మనం నెల్లూరు, ప్రకాశం వైపుల నుండి మూటాముల్లె కట్టుకొని వచ్చాము. పని దొరికింది, పిల్లలు తమిళ బడిలో చదువుతున్నారు. మొక్క మొలిచింది. ఇంటి ప్రార్థన మాత్రం ఎన్ని ఇళ్ళలో నిలిచింది? ఆదివారం ఓవర్‌టైమ్ చేసేవారిని మేము నిందించము. అద్దె ఎవరూ తగ్గించరు. బుధవారం రాత్రి ఒక ఇంట చాప పరచడానికి ఖర్చేమీ లేదు.

మీ వీధిలోకి కొత్తగా ఎవరైనా వచ్చారేమో విచారించండి. వారు సామాను సర్దుకొనక ముందే వెళ్ళి పిలవండి. తెలుగు చదవలేని పిల్లలుంటే వాక్యం వారిచేత తమిళంలోనే చదివించండి.