హాజరు పట్టీ

నాకు 62 ఏళ్లు నిండాయి. ఈ నెలాఖరుకు టీచరుగా నా కొలువు పూర్తవుతుంది. ఈ వృత్తి నాకు అమ్మ నుంచే అబ్బింది. పల్లెటూరి ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదు తరగతులకూ ఆమె ఒక్కతే పంతులమ్మ. పత్తి తీతలప్పుడు ఆడపిల్లలు బడి మానేస్తే, సాయంత్రం హాజరు పట్టీ చంకన పెట్టుకుని వాళ్ల ఇళ్లకు వెళ్లేది. "చేను ఎక్కడికీ పోదు వదినా, పిల్ల చదువుకునే వయసే పోతుంది" అని తల్లులకు నచ్చజెప్పేది. వాకిట్లోనే కూర్చుని ఎక్కాలు అప్పజెప్పించుకునేది.

1848లో పుణెలో ఆడపిల్లలకు బడి నడిపిన సావిత్రీబాయి ఫూలే మీద దారిలో పేడ విసిరారు. అమ్మకు అంత కష్టం రాలేదు గానీ, విసుక్కున్న గడపలు లేకపోలేదు. అయినా మళ్లీ వెళ్లేది.

అమ్మ ఇప్పుడు లేదు. పదవీ విరమణ రోజున నాకు కప్పబోయే శాలువా న్యాయంగా ఆమెదే. మీ వీధిలో ఇవాళ బడికి వెళ్లని పిల్ల ఉంటే, దయచేసి ఒక్కసారి ఆ ఇంటికి వెళ్లి మాట్లాడండి.