ఆమె నంబరు రాయి, కోడలా

కోడలా, దేవనకొండ మండలంలో గ్రామ వ్యవసాయ సహాయకురాలిగా చేరబోతున్నావని మీ నాయన చెప్పినాడు. చాలా సంతోషం. ఎండకు గొడుగు పట్టుకో, నీళ్ల సీసా మరిచిపోకు అని మీ అమ్మ ఎటూ చెబుతుంది. పొదుపు సంఘంలో ఏళ్ల తరబడి లెక్కలు రాసినదాన్ని కాబట్టి నేను చెప్పేది వేరే. పంట నమోదు చేసేటప్పుడు నీ ట్యాబులో మొబైల్ నంబరు అని ఒక గడి వస్తుంది. దాని దగ్గర తొందరపడొద్దు.

"నంబరు చెప్పక్కా" అని నువ్వు అడగ్గానే, కలుపు తీస్తున్న ఆడమనిషి నడుము ఎత్తి "మా ఆయనది రాసుకోమ్మా" అంటుంది. లేదంటే కొడుకుది. ఆ ఆయన బెంగుళూరులో మేస్త్రీ పనిలో ఉంటాడు. కడప వైపైతే కువైట్‌లో ఉంటాడు. వాన కబురు, పురుగు కబురు, పీఎం కిసాన్ డబ్బు పడిన కబురు అన్నీ అక్కడికే పోతాయి. రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు గుర్తుంటే చెబుతాడు, లేకపోతే లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 21 శాతమే. తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్నవాళ్లు సగానికి కాస్త తక్కువ. ఆ తర్వాత ఊళ్లో ఫోన్లు పెరిగాయి, కాదనను. పెరిగినవి ఎవరి జేబుల్లో ఉన్నాయో నువ్వే చూస్తావు.

నీకు ఉద్యోగం పడిన మండలానికి ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 2016 ముంగారులో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి దేవనకొండలో 175 మంది బుడ్డల (వేరుశనగ) రైతులకు తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపాయి. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, చేలో ఏ పరికరమూ నాటలేదు. 1986 నుంచి 2015 దాకా ఆ ప్రాంతపు వాతావరణ లెక్కలన్నీ తీసి, విత్తనానికి చాలినంత తేమ నేలలో ఎప్పుడు నిలుస్తుందో కట్టి చూశారు. మృగశిరలో తొలివాన పడి పదునైతే చాలు, గొర్రు కట్టడం మనవాళ్ల అలవాటు. ఆగండి, జూన్ ఆఖరి వారం దాకా విత్తొద్దని మెసేజ్ వచ్చింది. అంటే ఆరుద్ర కార్తె. తొందరపడి వేసిన చేను మొలిచాక వాన మొహం చాటేస్తే ఏమవుతుందో నీకు చెప్పాలా? మళ్లీ విత్తనం కొనాలంటే మళ్లీ అప్పు. మెసేజ్ ప్రకారం నడిచినవాళ్లకు సగటున 30 శాతం దిగుబడి ఎక్కువ వచ్చిందని ఆ సంస్థలు చెప్పుకున్నాయి. ఒక్క పంట కాలం, ఒక్క మండలం, లెక్క చెప్పింది కూడా వాళ్లే. నేనైతే 30 అన్న అంకె మీద ఒట్టు వేయను. కానీ పాత డబ్బా ఫోన్‌లో వచ్చిన ఒక్క వరుస, సరైన రోజున వస్తే, విత్తనం ఖర్చు మిగులుస్తుందని మాత్రం నమ్ముతాను.

అయితే గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదిలేది ఎవరు? ఆమె. విత్తనానికి కాయలు ఒలిచేది ఆమె. కలుపు ఆమెది, కాయ పీకడం ఆమెది. ఆమె చెవిన పడని సలహా ఎంత మంచిదైతే ఏం లాభం? అందుకే ఇంట్లో రెండు ఫోన్లుంటే రెండోది ఆమెదేనా అని అడుగు. ఆమెదైతే అదే రాయి. ఆయన నంబరే ఉండాలని ఇంట్లో పట్టుబడితే వాదన పెట్టుకోకు, ఆమె నంబరు నీ పుస్తకంలో వేరేగా రాసుకో.

ఇంకొకటి. ఈకేవైసీకి వేలు పెట్టమంటావు, యంత్రం పట్టదు. మళ్లీ పెట్టమంటావు, పట్టదు. ఆ వేలు ఒకసారి నీ చేతిలోకి తీసుకొని చూడు. గడ్డి పీకి, కాయలు ఒలిచి గీతలన్నీ అరిగి నున్నబడి ఉంటాయి. "నీ వేలు సరిగ్గా లేదు పెద్దమ్మా" అని మాత్రం అనకు. తడిగుడ్డతో మన్ను తుడిచి, ఇంకో వేలు పెట్టించి చూడు. పీఎం కిసాన్‌కైతే 2023 నుంచి ముఖం చూపించి చేసే పద్ధతి కూడా యాప్‌లో ఉంది. ఓటీపీ దారి పడితే మళ్లీ కువైట్‌కే పోవాలి, గుర్తుంచుకో. ఆ ఓటీపీ ఫోన్‌లో అడిగేవాడికి ఎవడికీ చెప్పొద్దని కూడా ఆమెకు అక్కడే చెప్పు.

భూమి పాసుబుక్కులో పేరు సంగతి నీ చేతిలో లేదు. ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా అని ఎన్టీఆర్ కాలంలో, 1986లోనే, చట్టం తెచ్చారు. అయినా 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద ఆడవాళ్లు సాగుదారులుగా ఉన్న కమతాలు 14 శాతం దగ్గరే ఆగాయి. భూమి మామ పేరున ఉంటే ఆయన్ను కచేరీ కట్ట దగ్గర నలుగురిలో నిలదీయకు. నువ్వు పోతావు, మాటలు పడేది ఆ ఇంటి కోడలు.

ఫోనే లేని ఇళ్లు కూడా నీకు చాలా తగులుతాయి. ఆదోని, కోసిగి వైపు వాళ్లు మిరపకాయ కోతలకు గుంటూరు పోతే ఊరికి ఊరే ఖాళీ. అలాంటి చోట పొదుపు సంఘం సమావేశమే నీకు టవరు. ఓర్వకల్లు ఆడవాళ్లు సంఘాలు కట్టి దేశానికి దారి చూపించింది మన కర్నూలు జిల్లాలోనే. జహీరాబాద్ పక్కన మాచనూరులో పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత ఆడవాళ్లు 2008లో సొంతంగా సంఘం రేడియోనే పెట్టుకున్నారు. విత్తనం గురించి వాళ్ల యాసలో వాళ్లే మాట్లాడారు. డిజిటల్ గ్రీన్ సంస్థ కిటుకూ ఇదే. బయటి నిపుణుడి ఉపన్యాసం కాకుండా, పక్క ఊరి రైతు చేసి చూపించిన వీడియోను చిన్న ప్రొజెక్టరుతో పది మంది మధ్య వేశారు. ఆడవాళ్లు తెర మీద మొదట చూసేది నేలను, చేతులను. తమ నేల కాకపోతే లేచి వెళ్లిపోతారు. కాబట్టి గుంటూరు నల్లరేగడి వీడియో తెచ్చి ఎర్రనేల వాళ్లకు చూపించకు. మీ ఊరి చేను దగ్గర నువ్వే ఒకటి తీయి, రెండు నిమిషాలు చాలు. మాట్లాడేది ఆమె, పట్టుకునేది నువ్వు. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 సంఘం గోడ మీద పెద్దక్షరాలతో రాయించు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు కాదు.

మెసేజ్‌లో విత్తమన్నా, ముసలామె ఒకతి పిడికెడు మన్ను తీసి నలిపి "ఇంకా పదును కాలేదు" అంటే, ట్యాబు మూసి నువ్వూ ఒక పిడికెడు తీసుకో.

పత్తికొండ మార్కెట్లో టమోటా కిలో ఎంతుందో ఫోన్ చెబుతుంది. ధర పడిపోయిన రోజున బుట్టలు దించుకొని కూర్చున్న ఆమె "ధర తెలిసి ఏం చేసుకోనమ్మా" అని అడుగుతుంది. యాప్ తెరిచి ఏదో ఒకటి చూపించి తప్పించుకోకు. ఆ రోజు ధర, ఆమె తెచ్చిన బుట్టలు, బండి కిరాయి రాసుకొని వారం చివర మీ మండల వ్యవసాయాధికారి ముందు పెట్టు. ఆయన విసుక్కుంటే విసుక్కోనీ, మరుసటి వారం కూడా పెట్టు.