పిల్లలకి హాలోవీన్ వేషం వేస్తే తప్పా? ఫాల్ ఫెస్టివల్‌కి బయల్దేరే ముందు ఒక్క మాట



అక్టోబర్ వచ్చిందంటే చాలు, అమెరికాలో ఉన్న మన తెలుగు తల్లిదండ్రులు ఏటా ఇదే ప్రశ్న అడుగుతారు. "మా కమ్యూనిటీలో ఫాల్ ఫెస్టివల్ పెడుతున్నారండీ. పిల్లలందరూ హాలోవీన్ వేషాల్లో వస్తారు. మా బాబుకి నాలుగేళ్లు. తీసుకెళ్లొచ్చా? మన ధర్మానికి విరుద్ధమా?" వీడియోలో టైమ్ ఉన్నంతవరకు చెప్పాను. మిగతాది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నేను ఉండేది డాలస్ దగ్గర, నాకూ ఇద్దరు చిన్నపిల్లలు. కాబట్టి ఇది మా ఇంట్లో కూడా ఏటా వచ్చే చర్చే.

ఇండియాలో ఉన్నవాళ్ల కోసం ముందు ఒక మాట. ఫాల్ ఫెస్టివల్ అంటే ఆకులు రాలే కాలంలో జరిగే ఊరి సంబరం. గడ్డిమోపుల మీద కూర్చోబెట్టి ట్రాక్టర్‌లో తిప్పుతారు, గుమ్మడికాయలు ఏరుకుంటారు, పిల్లల ముఖాలకి రంగులు వేస్తారు. కార్ల డిక్కీలు అలంకరించి, వరసగా పార్క్ చేసి, పిల్లలకి చాక్లెట్లు పంచుతారు. దాన్ని ట్రంక్ ఆర్ ట్రీట్ అంటారు. కొన్నింటిని కాలనీవాళ్లు పెడతారు, కొన్నింటిని స్కూళ్లు, చాలావాటిని చర్చిలు.

ఇంతకీ ఇది ఎవరి పండుగ?

ఐర్లాండ్, స్కాట్లాండ్ ప్రాంతాల్లో పూర్వం సావిన్ అని ఒక పండుగ ఉండేది. పంట ఇంటికొచ్చి చలికాలం మొదలయ్యే సంధి అది. ఆ రాత్రి చనిపోయినవాళ్లు ఈ లోకానికి వస్తారని అక్కడివాళ్ల నమ్మకం. తర్వాత చర్చి నవంబర్ 1ని సకల సాధువుల దినంగా, నవంబర్ 2ని చనిపోయిన ఆత్మల కోసం ప్రార్థించే రోజుగా పాటించింది. ఆ సాధువుల దినానికి ముందు రాత్రే హాలోవీన్. 19వ శతాబ్దంలో వలస వచ్చిన ఐరిష్ వాళ్లతో పాటు ఇది అమెరికాలో బాగా పాకింది. వాళ్ల దేశంలో టర్నిప్ దుంపని తొలిచి ముఖం చెక్కి లోపల దీపం పెట్టేవారు. ఇక్కడ గుమ్మడికాయ సులువుగా దొరికింది, టర్నిప్ పోయి గుమ్మడి వచ్చింది.

ఇది వింటే మనకేమీ కొత్తగా అనిపించదు. భాద్రపద బహుళ పక్షం పదిహేను రోజులూ మనం పితృదేవతలకే ఇస్తాం, మహాలయ అమావాస్యతో అది ముగుస్తుంది. దీపావళి సాయంత్రం గోగు పుల్లలకి గుడ్డ వత్తులు చుట్టి పిల్లలచేత దివిటీలు కొట్టిస్తారు కదా, దాని వెనక కూడా పితృదేవతలకి దారి చూపించే ఉల్కాదానం ఉందని పెద్దలు చెబుతారు. ఇక ముఖం చెక్కిన గుమ్మడికాయ అంటారా, మన ఊళ్లో కొత్తగా కట్టే ప్రతి ఇంటి ముందూ కోరలూ మీసాలూ ఉన్న దిష్టిబొమ్మ వేలాడుతుంది. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం. చెడుని భయపెట్టడానికి భయంకరమైన ముఖం పెట్టడం అనే ఆలోచన మనకీ తెలుసు, వాళ్లకీ తెలుసు.

అలాగని రెండూ ఒకటే అనడం లేదు. మన పితృపక్షానికి తర్పణం ఉంది, గోత్రం ఉంది, పేరు పెట్టి పిలవడం ఉంది. ఈరోజు హాలోవీన్‌లో అదేమీ మిగల్లేదు, ఎక్కువగా చాక్లెట్లూ వేషాలూ మిగిలాయి. ఇంకో సంగతి. ఇది దయ్యాల పండుగ అని అమెరికాలో చాలామంది క్రైస్తవులే హాలోవీన్‌ని ఇష్టపడరు. చాలా చర్చిలు దాని బదులే ఫాల్ ఫెస్టివల్, హార్వెస్ట్ ఫెస్టివల్ అని పెడతాయి, భయంకరమైన వేషాలు వద్దని ముందే చెబుతాయి. అంటే ఈ సందేహం మనకొక్కళ్లకే కాదు, పక్కింటివాళ్లకీ ఉంది.

వేషం వేస్తే పూజ చేసినట్టేనా?

హాలోవీన్ వద్దనేవాళ్లు గీత తొమ్మిదో అధ్యాయం చూపిస్తారు. ఎవరు దేన్ని ఆరాధిస్తే దాన్నే చేరతారని, భూతాలని ఆరాధించేవారు భూతాలనే చేరతారని భగవానుడు చెప్పిన మాట అది. ఆ మాటని తేలిగ్గా తీసెయ్యకూడదు. కానీ అక్కడ ఉన్నది ఆరాధన. ఆరాధనకి శ్రద్ధ కావాలి, సంకల్పం కావాలి. పదిహేడో అధ్యాయం అంతా ఆ శ్రద్ధ గురించే. నాలుగేళ్ల పిల్లాడు పులి వేషం వేసుకుని సంచీ పట్టుకుని నాలుగు చాక్లెట్ల కోసం నిలబడితే, అందులో భూతం మీద శ్రద్ధ ఎక్కడుంది? వాడి శ్రద్ధంతా చాక్లెట్ మీదే.

వేషం కూడా మనకి పరాయిది కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం కడతారు. పగటి వేషగాళ్లు ఇంటింటికీ వచ్చి ఆడి పాడి బియ్యమో డబ్బులో తీసుకెళ్లేవారు. కాబట్టి వేషం కట్టడం, గుమ్మం ముందు నిలబడటం, ఈ రెండింటిలో పాపమేమీ లేదని నా అభిప్రాయం.

మరి ప్రశ్న అక్కడితో అయిపోయిందా? లేదు. పాపం కాదు కదా అని ఏదైనా చేసెయ్యొచ్చనుకోవడం ఇంకో పొరపాటు. ఏ వేషం, ఎందుకు, ఎంతవరకు అన్నది తల్లిదండ్రులు తేల్చుకోవాలి.

అత్తయ్యగారి మాట

2025లో దీపావళి అక్టోబర్ 20న వచ్చింది. కాబట్టి హాలోవీన్ కార్తీకమాసంలో పడింది. దుకాణంలో అస్థిపంజరం బొమ్మ ఉన్న నల్ల డ్రెస్ చూసి మావాడు అదే కావాలన్నాడు. అత్తయ్యగారు అప్పుడు మా దగ్గరే ఉన్నారు.

"కార్తీకమాసంలో, దీపాలు పెట్టేవేళ పసివాడికి ఎముకల బట్టలేంటి అమ్మాయ్? తథాస్తు దేవతలుంటారు" అన్నారు.

"ఉత్త బొమ్మే కదా అత్తయ్యా, ఇక్కడ అందరూ వేసుకుంటారు" అన్నాను.

"అందరి సంగతి నాకెందుకు? వాడి ఒంటి మీద చావుని చూసి నేను నవ్వలేను" అన్నారావిడ.

ఈ మాటని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం చాలా సులువు. కానీ ఆవిడ చెప్పిందాంట్లో దయ్యాల భయం కంటే పెద్ద విషయం ఉంది. మన ఇళ్లలో పసిపిల్లల దగ్గర చావు మాట ఎత్తరు, దీపాలవేళ అశుభం పలకరు. భోగినాడు నెత్తిన రేగుపళ్లు పోసి దిష్టి తీసేది ఆ ఒంటికే. అలాంటి ఒంటికి రక్తపు మరకలు, గొడ్డలి గాట్లు అలంకారంగా పెట్టడం ఆవిడకి ఎందుకు కష్టమనిపించిందో నాకు అర్థమైంది.

"మరి శివుడు శ్మశానవాసి కదా, ఆయన పెళ్లికి భూతగణాలే వచ్చాయి కదా" అని కుర్రాళ్లు అడుగుతారు. నిజమే. మన దేవుడు భూతాలని కూడా తనవాళ్లుగా చేర్చుకున్నాడు. కానీ ఆయన ఒంటి మీది బూడిద, అంతా చివరికి ఇదే అవుతుందని గుర్తు చేస్తుంది. ప్లాస్టిక్ రక్తం ఏమీ గుర్తు చేయదు, చావుని మామూలు వినోదంగా అలవాటు చేస్తుంది. ఈ రెండిటికీ తేడా పెద్దవాళ్లకి తెలుస్తుంది, నాలుగేళ్ల పిల్లలకి తెలియదు. మావాడు చివరికి పులి వేషంలో వెళ్లాడు. గంటసేపు గాండ్రించాడు, అత్తయ్యగారే ఫోటోలు తీశారు.

పిల్లల భయం సంగతి

1969లో రీటా డెవ్రీస్ అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక సాధుపిల్లికి కుక్క ముఖం ఉన్న మాస్క్ తొడిగి పిల్లలకి చూపించారు. మూడేళ్ల పిల్లలు ఎక్కువగా అది కుక్కగా మారిపోయిందనే అనుకున్నారు. అయిదారేళ్లవాళ్లకి అది పిల్లేనని తెలిసింది. అంటే మనకి మాస్క్ వెనక పక్కింటి అంకుల్ కనిపిస్తాడు, మూడేళ్ల పాపకి నిజంగా ఇంకెవరో కనిపిస్తారు.

కాబట్టి "ఏం కాదు, ధైర్యంగా ఉండు" అని తోసెయ్యకండి. పాప ఏడిస్తే ఎత్తుకుని పక్కకి తీసుకురండి. వీలైతే వెలుతురు ఉండగా వెళ్లి, చీకటి పడేలోపు వచ్చేయండి. భయాన్ని మనసులో నాటితే దాన్ని తీసెయ్యడం కష్టం. అందుకే కదా మన అమ్మమ్మలు భయపడ్డ పిల్లకి ముందు ఆంజనేయస్వామి సింధూరం పెట్టి, తర్వాతే కథ చెప్పేవారు.

దేవుడి వేషం వేయొచ్చా?

"దయ్యం వేషం ఎందుకు, కృష్ణుడి వేషం వేసి పంపిస్తే సరిపోతుంది కదా" అని కొందరు అంటారు. ఉద్దేశం మంచిదే, కానీ నేను వేయను. కృష్ణాష్టమినాడు పిల్లాడికి నెమలిపింఛం పెట్టినప్పుడు ఇంట్లో అందరూ వాణ్ని ఒక భావంతో చూస్తారు, కొందరు హారతి కూడా ఇస్తారు. అదే వేషం జాంబీలూ మంత్రగత్తెల మధ్య నిలబడితే అది ఒక కాస్ట్యూమ్ మాత్రమే అవుతుంది. 2008లో హైడీ క్లుమ్ అనే మోడల్ హాలోవీన్‌కి కాళీమాత వేషం వేసినప్పుడు చాలామంది హిందువులు నొచ్చుకున్నారు. మనం నొచ్చుకున్న కొలతే మనకీ వర్తించాలి. ఇంకొకరి సన్యాసినుల బట్టలు, అమెరికా ఆదివాసుల ఈకల కిరీటాలు కూడా నవ్వులాటకి వాడొద్దు. అయితే పక్కింటి పిల్లాడు ముచ్చటపడి హనుమంతుడి వేషంలో మీ గుమ్మం ముందు నిలబడితే మాత్రం వాడికి క్లాస్ పీకకండి, ఒక లడ్డూ ఎక్కువ పెట్టండి.

ఇచ్చే చెయ్యి

హాలోవీన్ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది దయ్యాలు కాదు, ఆ సంచీ. సంక్రాంతికి హరిదాసు వస్తే, గంగిరెద్దు వస్తే, మనం పిల్లల దోసిట్లో బియ్యం పోసి "నువ్వే వెయ్యి నాన్నా" అంటాం. అక్కడ పిల్లాడు ఇచ్చేవాడు. ఇక్కడ పిల్లాడు పుచ్చుకునేవాడు. పైగా ట్రిక్ ఆర్ ట్రీట్ అంటే మిఠాయి ఇస్తారా, అల్లరి చేయమంటారా అని!

అడగడం తప్పు కాదు. ఉపనయనంలో వటువు భిక్ష అడుగుతాడు, అదీ మొదట అమ్మ దగ్గరే. కానీ అందులో వినయం నేర్పుతారు. మనం కూడా నేర్పొచ్చు. ఒక్కటే తీసుకో, కళ్లలోకి చూసి థాంక్యూ చెప్పు అనండి. సగం సాయంత్రం తిరిగితే, మిగతా సగం గుమ్మం దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకి వాళ్ల చేత్తోనే పంచనివ్వండి. తెచ్చుకున్నదాంట్లో కొంత తమ్ముడికో, రాలేకపోయిన ఫ్రెండ్‌కో తీసి పెట్టించండి. శాకాహారులైతే ఇంకో జాగ్రత్త: చాలా గమ్మీల్లో, మార్ష్‌మాలోల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. కవర్ వెనక చదివి, వద్దనుకున్నవి పిల్లల ముందే పక్కన పెట్టి, ఎందుకో చెప్పండి.

చర్చి పెట్టిన ఫెస్టివల్ అయితే అది చర్చిదని తెలిసే వెళ్లండి. వాళ్లు ప్రేమగా పిలిచారు, మర్యాదగా వెళ్లండి. ప్రార్థన చేస్తుంటే నిశ్శబ్దంగా నిలబడండి. కరపత్రం ఇస్తే నవ్వుతూ తీసుకోండి, లేదా వద్దని చెప్పండి. "మేం గుడికి వెళ్తాం" అని పిల్లలు మామూలుగా చెప్పగలిగితే చాలు.

మరి మన పండుగ ఎలా జరుగుతోంది?

అసలు భయపడాల్సింది ఇక్కడే. హాలోవీన్‌కి నెల ముందే కాస్ట్యూమ్ ఆర్డర్ చేస్తాం, గుమ్మడికాయ తొలుస్తాం, గరాజ్ అలంకరిస్తాం. దీపావళికి ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చి, ఫోన్‌లో లక్ష్మీ అష్టోత్తరం పెట్టి, నాలుగు దీపాలతో కానిచ్చేస్తాం. ఇందులో పిల్లలు దేన్ని తమ పండుగ అనుకుంటారు? చేతులతో చేసినదాన్నే, ఎదురుచూసినదాన్నే. 2024లో దీపావళీ హాలోవీనూ ఒకే రోజు, అక్టోబర్ 31న వచ్చాయి. ఆ సాయంత్రం ఏ ఇంట్లో ఏది ముందు జరిగిందో పిల్లలు గమనించే ఉంటారు.

కాబట్టి హాలోవీన్‌ని తగ్గించడం మీద కంటే మనదాన్ని పెంచడం మీద దృష్టి పెట్టండి. వత్తులు వాళ్లచేత చేయించండి. ముగ్గు వంకరగా వచ్చినా వాళ్లనే వేయనివ్వండి. నరకాసురుడి బొమ్మ అట్టముక్కలతో చేయించండి, కోరలు వాళ్లే గీస్తారు. హాలోవీన్‌లో లేని రాక్షసుడు మన దగ్గర ఉన్నాడు, వాడికో కథ కూడా ఉంది. పక్కింటి పిల్లల్ని పిలవండి. వాళ్ల పండుగకి మనం వెళ్లినట్టే మన పండుగకి వాళ్లూ వస్తారు.

హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో, ప్లే స్కూళ్లలో హాలోవీన్ చేస్తున్నవాళ్లకి కూడా ఇదే మాట. అమెరికాలో ఇది ఇరుగుపొరుగుతో కలవడానికి ఒక దారి. అక్కడ ఎవరితో కలవడానికి చేస్తున్నామో ఒక్కసారి ఆలోచించుకోండి.

ఈసారి వెళ్తే సంతోషంగా వెళ్లండి. ఇంటికి రాగానే పిల్లల కాళ్లు కడిగి, ముఖం మీద రంగు తుడిచి, దేవుడి దగ్గర దీపం పెట్టనివ్వండి. తర్వాత సంచీ తెరిచి, మొదటి చాక్లెట్ ఇంట్లో పెద్దవాళ్లకి ఇప్పించండి.

శుభం భూయాత్.