సవ్యసాచి రెండు చేతులు

విరాటుడి కొలువులో చేరే ముందు పాండవుల్లో ఒక్కొక్కరికీ ఒక్కో చిక్కు. అర్జునుడిది చేతుల చిక్కు. మామూలు విలుకాడికి వింటినారి రాపిడి విల్లు పట్టిన ముంజేతి మీదే పడుతుంది. అర్జునుడు ఏ చేత్తోనైనా విల్లు పట్టి, ఏ చేత్తోనైనా నారి లాగగలవాడు. అందుకని కాయలు రెండు చేతుల మీదా కాచాయి. పేరు మార్చుకోవచ్చు, వేషం మార్చుకోవచ్చు, ఆ కాయల్ని ఎక్కడ దాస్తాడు? చేతినిండా గాజులు తొడుక్కుంటానని అన్నగారికి చెబుతాడు. బృహన్నల అనగానే మనకు ఊర్వశి శాపం గుర్తొస్తుంది. గాజుల వెనక ఉన్న కారణం మాత్రం శాపం కాదు, సాధన. ఏడాదిపాటు ఆ సాధనను గాజుల చాటున దాచుకుని ఆడపిల్లలకు ఆట నేర్పాడు. తర్వాత జమ్మిచెట్టు కింద భయంతో వణుకుతున్న ఉత్తరుడికి తన 10 పేర్లూ విప్పి చెప్పేటప్పుడు అందులో సవ్యసాచి అన్నది ఎందుకు వచ్చిందో కూడా చెప్పుకున్నాడు.

తెలుగువాళ్లకు ఈ కథ నెల్లూరు నుంచి అందింది. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన భారతాన్ని అందుకున్నది విరాటపర్వం దగ్గరే. అక్కడినుంచి చివరిదాకా 15 పర్వాలు, అన్నీ హరిహరనాథుడికే అంకితం. పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి చెంత కూర్చుని రాశాడని నెల్లూరువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. హరిహరమూర్తిలో కుడి సగం శివుడు, ఎడమ సగం విష్ణువు. అర్ధనారీశ్వరుడిలో అమ్మవారిది ఏ సగమో ఇక్కడ హరిది ఆ సగమే. రెండు చేతులూ సమానంగా ఆడేవాడి కథతో కలం పట్టిన కవి, రెండు సగాల దేవుణ్ణి కృతిభర్తగా ఎంచుకోవడం కాకతాళీయం కావచ్చు. నాకు మాత్రం అలా అనిపించదు.

అర్జునుడి చేతికి ఆ ఒడుపు ఎక్కడినుంచి వచ్చింది? ఆదిపర్వంలో చిన్న ముచ్చట ఉంది. చీకట్లో అర్జునుడికి అన్నం పెట్టొద్దని ద్రోణుడు వంటవాడికి ముందే చెప్పి ఉంచాడు. ఒకరాత్రి భోంచేస్తుండగా గాలికి దీపం ఆరిపోయింది. చీకట్లోనూ చెయ్యి తడుముకోకుండా నోటిదగ్గరికే పోయింది. తినడానికి కన్ను అక్కర్లేనప్పుడు కొట్టడానికి మాత్రం ఎందుకని అర్జునుడు అప్పటికప్పుడే విల్లు తీసుకుని చీకట్లో అభ్యాసం మొదలుపెట్టాడు. నారి మోత విని ద్రోణుడు లేచి వచ్చి శిష్యుణ్ణి కౌగిలించుకున్నాడు. మనసు మెలకువగా లేకపోయినా చెయ్యి తన దారిన తాను పనిచేస్తుంది. పెద్దలు వాసన అన్నది దీన్నే. ఎడమచేతివాటమో కుడిచేతివాటమో బిడ్డ నేర్చుకునేది కాదు, వెంట తెచ్చుకునేది. అభ్యాసం ఆ తర్వాతి మాట.

నూటికి పదిమంది దాకా ఎడమచేతివాటంతో పుడతారు. మన ఇళ్లలో పుట్టిన ఆ పదిమందికీ ఊహ తెలిసేలోపే వినపడే మాట, "ఆ చెయ్యి కాదబ్బయా." అన్నం కలిపేటప్పుడు, ప్రసాదం పట్టేటప్పుడు, ఎవరికైనా డబ్బులిచ్చేటప్పుడు ఇదే మాట. దీనివల్ల మన దేశంలో అచ్చమైన ఎడమచేతివాళ్లు అరుదు. మైపాడు ఒడ్డున వల బాగుచేసుకునే ఒకాయనను చూశాను. చిరిగిన చోటును కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగి, కుడిచేత్తో కన్ను విప్పి పట్టుకుని, ఎడమచేత్తో దారం దూర్చి ముడి బిగిస్తున్నాడు. పక్కనున్న వాళ్లంతా దీనికి తిరకాసుగా చేస్తున్నారు. మధ్యాహ్నం అన్నం గిన్నె తెరిచాక అదే మనిషి చేపల పులుసు కుడిచేత్తో కలుపుకున్నాడు. అమ్మ అదిలింపు అన్నం దాకా వచ్చింది, వల దాకా రాలేదన్నమాట. అయ్యకు వల బాగుపడితే చాలు, అది ఏ చేతి ముడి అన్నది ఎవరిక్కావాలి?

ఎడమ అంటే అశుభమని శాస్త్రమే చెప్పిందని వాదించేవాళ్లున్నారు. శాస్త్రాన్ని సగమే చదివినవాళ్లు వీళ్లు. అశోకవనంలో సీతమ్మకు ఎడమ కన్నూ ఎడమ భుజమూ అదిరితేనే కదా మంచి శకునమైంది! భద్రాచలంలో ఆ తల్లి కూర్చున్నది స్వామి ఎడమ తొడమీద. అక్కడి రాముడు శంఖాన్ని కుడిచేతా, చక్రాన్ని ఎడమచేతా పట్టుకున్నాడు. భద్రుడి దగ్గరికి వచ్చే తొందరలో తారుమారుగా పట్టాడని స్థలపురాణం. భక్తుడి కోసం దేవుడే చేతులు మరిచిపోయిన చోట, పిల్లవాడు ఎడమచెయ్యి చాచాడని తీర్థం ఇవ్వకుండా చెయ్యి వెనక్కి తీసుకోవడం ఏ ఆగమమో నాకు తెలియదు. ఈ పిచ్చి ముదిరితే ఎందాకా పోతుందో కూడా మన తీరమే చూసింది. మన దక్షిణాన మద్రాసులో కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అని చీలి 1652లోనూ, మళ్లీ 1707లోనూ వీధుల కోసం తగాదాలు పడ్డారు.

అలాగని ఆచారంలోని కుడిఎడమలు ఉత్తవని అనను. మహాలయ అమావాస్యనాడు సముద్రతీరంలో తర్పణాలు వదిలేవాళ్లను గమనించండి. దేవతలకైతే జంధ్యం ఎడమ భుజం మీద ఉంటుంది, నీళ్లు వేళ్ల కొసల నుంచి జారతాయి. ఋషులకైతే అదే జంధ్యం దండలా మెడలోకి వస్తుంది. పితరుల వంతు వచ్చేసరికి కుడి భుజానికి మారుతుంది, నీళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి పోతాయి. మనిషి అతడే, పోగూ నీళ్లూ అవే. ఎవరికి ఇస్తున్నానన్న ఎరుక తప్పిపోకుండా ఒంటికి పెట్టిన కాపలా అది. ఇందులో హెచ్చుతగ్గుల మాట లేదు. చీకట్లో నోటికి పోయే చెయ్యిలాగా మంత్రం కూడా అలవాటుగా పోకూడదని ఋషులు మధ్యమధ్యలో భుజం మార్చమన్నారు.

ఎరుక ఉన్నచోట చేతి నియమం సడలుతుందని చెప్పడానికి కర్ణుడి కథ ఉంది. వ్యాసుడు రాసింది కాదు, అరుగుల మీద పుట్టింది. కర్ణుడు తలంటుకుంటుండగా కృష్ణుడు వచ్చి రత్నాలు పొదిగిన నూనెగిన్నె అడిగాడు. గిన్నె ఎడమచేతిలో ఉంది, ఆ చేత్తోనే ఇచ్చేశాడు. ఎడమచేత్తో దానమేమిటయ్యా అంటే, కుడిచేతికి మార్చుకునేలోపు మనసు మారితేనో అన్నాడు. నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ చూసినవాళ్లకు ఈ కథ ఇట్టే బోధపడుతుంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన నీళ్లలో నిలబడి, కోరిక ఉన్నవాళ్లు చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె అని అడిగి పుచ్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు మరుసటేడు అదే రొట్టె తెచ్చి పంచుతారు. పుచ్చుకున్న చెయ్యే ఏడాది తిరిగేసరికి ఇచ్చే చెయ్యవుతుంది. ఏ చేత్తో ఇస్తున్నావని ఆ నీళ్లలో ఎవరూ అడగగా నేను వినలేదు.

ఇక గీత. 11వ అధ్యాయంలో విశ్వరూపం చూపించాక కృష్ణుడు, వీళ్లంతా నా చేతిలో ముందే పోయారు, నువ్వు పేరుకు మాత్రం కారణంగా నిలబడు అంటాడు. పార్థా అనొచ్చు, కౌంతేయా అనొచ్చు. సరిగ్గా ఆ మాట దగ్గర సవ్యసాచీ అని పిలిచాడు. చేతుల గొప్పను ఎత్తి చూపే పేరుతో పిలిచి, ఆ చేతులు నీవి కావన్నాడు. దీన్ని చాలామంది చేతులు ముడుచుకోవడానికి వాడుకుంటారు. విల్లు పట్టడమే రానివాడు నాదేముంది అంతా ఆయనదే అంటే అది వేదాంతం కాదు, సోమరితనం. చీకట్లో కూడా సాధన చేసి రెండు చేతులా కాయలు కాచినవాడికే ఆ మాట చెప్పారు. వదులుకోమనడానికి అతని దగ్గర ఏదో ఒకటి ఉంది గనుక.

అయితే చెప్పినంత మాత్రాన అర్జునుడు వదిలాడా? మౌసలపర్వం కూడా తిక్కన చేతిదే. కృష్ణుడు వెళ్లిపోయాక ద్వారక స్త్రీలను వెంటబెట్టుకుని వస్తుంటే ఆభీరులు కర్రలు పట్టుకుని మీదపడ్డారు. గాండీవం ఎక్కుపెట్టడమే గగనమైంది. దివ్యాస్త్రాలు తలపుకు రాలేదు. తరగని అమ్ములపొదులు తరిగిపోయాయి. ఆ అస్త్రాలు వచ్చిన పని చేసి వెళ్లిపోయాయని వ్యాసుడు నచ్చజెప్పాడు. అంతా విని మహాప్రస్థానానికి బయలుదేరినప్పుడు కూడా అర్జునుడు గాండీవాన్ని వెంట తీసుకుపోయాడు. అది మణిలాంటిదన్న ఆశ చావక వదల్లేదని వ్యాసభారతం దాపరికం లేకుండా చెబుతుంది. యుద్ధం ముగిసి అప్పటికి 36 ఏళ్లు. చివరికి అగ్నిదేవుడు కొండలా దారికి అడ్డం నిలబడి, ఖాండవదహనం నాడు నీకోసం వరుణుడి దగ్గర అడిగి తెచ్చాను, ఇక ఆయనది ఆయనకు ఇచ్చెయ్యమన్నాడు. అన్నదమ్ములు కూడా బతిమాలితే, అప్పుడు నీళ్లలో వేశాడు.